‘లోకల్‌హోస్టు’ శబ్దవిచారము

ఏకశిలానగర మను శబ్దమున కర్థ మేది? కడపసీమలోని యొంటిమిట్ట యని కొందఱును, ఓరుఁగల్లని కొందఱును జిరకాలము వాదించిరి. ఒంటిమిట్ట కోదండరామాలయమున సీతారామలక్ష్మణులు మువ్వురును నొక్క శిలయందే చెక్కఁబడి యుండుటచే నా క్షేత్రమున కా పేరు చెల్లును. ఓరుఁగల్లును నేకశిలానగర మనుట ప్రసిద్ధమే. బమ్మెర పోతన నివాసమును నిర్ణయించుటలో వావిలికొలను సుబ్బారావుగారు (1863–1936) ఒంటిమిట్టపక్షమును, మఱికొంద ఱోరుఁగంటిపక్షమును నవలంబించి చేసిన చర్చలో నీ శబ్దమునకుఁ బ్రధానస్థానము కలదు. శబ్ద మొక్కటి, స్థలములు రెండు. వినువాఁ డేస్థలమును గ్రహించునో దానినిబట్టి కవిచరిత్రయే మాఱిపోవును.

అట్టి సంకటమే నేఁడు కంప్యూటర్లయందును గలుగుచున్నది. వెబ్‌పుటను సిద్ధపఱచు స్క్రిప్టు ఒకటి, ఆ పుటకు వలయు వివరములను దాఁచియుంచు డేటాబేసు సర్వరు ఒకటి, రెండును నొకే యంత్రములో నుండును. సర్వరు నడచుచునే యుండును. పట్టికలు పదిలముగానే యుండును. అయినను స్క్రిప్టు సంబంధము కుదరలేదని చెప్పి నిలిచిపోవును. సర్వరుండు చోటును దెలుపుటకు స్క్రిప్టులో వ్రాయఁబడిన ‘లోకల్‌హోస్టు’ అను మాటయే పెక్కుమాఱు లీ విఘ్నమునకు మూలము. ‘ఈ యంత్రమే’ యని దాని యర్థము. ఇంత స్పష్టమైన మాట యెట్లు దారి తప్పించునో, దాని దోషమును గనుఁగొనుట కేది క్రమమో యీ వ్యాసమున విచారింపఁబడును.

ఉదాహరణముగా నొక సందర్భమును గల్పించి చూడవచ్చును. ఒంటిమిట్టలోని యొక పాఠశాలలో నా క్షేత్రసంబంధమైన గ్రంథముల పట్టిక యొకటి కూర్పఁబడిన దనుకొనవలయును. రఘువీరశతకము మొదలుకొని శాసనముల నకళ్ల వఱకు, ఇండ్లలోని తాళపత్రముల వివరములతోఁ గూడ నందుఁ జేరినవి. ఏ కట్టలో నెన్ని యాకులున్నవి, ఏ యాకు చెదలు తిన్నది, గ్రంథాంతమున లేఖకుని పేరేమి యను సంగతులన్నియు నందుఁ గలవు. కొన్ని కట్టలు తరువాత శిథిలమైపోయినవి. వానికిఁ బట్టికయే మిగిలిన గుఱుతు. ఆ పట్టిక మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసులోను, దానిని బుటగాఁ జూపు స్క్రిప్టు పీహెచ్‌పీ భాషలోను ఉన్నవి. ఈ రెండును 1995లో వెలువడినవి. చిన్నసంస్థలు వీనిని జంటగా వాడుట సామాన్యము. విండోసు యంత్రముమీఁద నేఁడాదిపాటు చక్కఁగా నడచిన యా స్క్రిప్టును లినక్సు యంత్రమునకు మార్చిన నాఁడు పుట కనఁబడలేదు. దానికి మాఱుగా 2002 అను సంఖ్యయు, అట్టి ఫైలుగాని డైరెక్టరీగాని లేదను వాక్యమును గనఁబడినవి.

సర్వరును సమూలముగాఁ దీసివైచి మరలఁ బెట్టుమని యెవరో యొకరు సలహా యిచ్చుట యిట్టి సమయముననే. ఆ సలహాను బాటించినచో, పై పట్టికకుఁ బ్రతి లేకున్న పక్షమున, చెదలు మిగిల్చినదియు మిగులదు. కాఁబట్టి యీ విషయము యంత్రశిల్పులకు మాత్రమే విడిచిపెట్టఁదగినది కాదు. గ్రంథరక్షణకుఁ బూనుకొన్న పండితు లెఱుఁగఁదగినదే.

వాక్యవిచారము

దోషమును దెలుపు వాక్యమును మొదట వాక్యముగాఁ జదువవలయును. అట్టి ఫైలు లేదన్నప్పుడు ‘ఏ ఫైలు?’ అను నాకాంక్ష కలుగును. పీహెచ్‌పీ చూపు వాక్యమునం దా యాకాంక్ష తీఱదు. ఫైలు పేరందుఁ జెప్పఁబడలేదు. చదువరి తన కెఱుకపడిన ఫైలునే యధ్యాహారము చేసికొనును. స్క్రిప్టు పోయినదేమో యని వెదకును, అది యున్నది. పట్టిక పోయినదేమో యని భయపడును, అదియు నున్నది. నిజమున కచ్చట లేదనఁబడినది స్క్రిప్టును గాదు, పట్టికయును గాదు. సర్వరులోనికిఁ బోవు వాఁకిలి యది.

ఆ వాఁకిళ్లు రెండు విధములు. మొదటిది సాకెట్టు అను విశేషమైన ఫైలు. యునిక్సు వంశమునకుఁ జెందిన లినక్సు మున్నగు వ్యవస్థలలో సర్వరు తాను లేచినపుడు దీనిని సృష్టించును. అదే యంత్రములోని ప్రోగ్రాములు దీని ద్వారమున సర్వరుతో మాటలాడును. రెండవది నెట్‌వర్కు మార్గము. దీనికి 127.0.0.1 వంటి చిరునామాయు, పోర్టు సంఖ్యయుఁ గావలయును; మైఎస్‌క్యూఎల్‌నకు రూఢమైన పోర్టు 3306. 127తో మొదలగు చిరునామాలన్నియు యంత్రము తనతోఁ దానే మాటలాడుకొనుటకుఁ గేటాయింపఁబడినవి.

మైఎస్‌క్యూఎల్‌తోడనే వచ్చు క్లయింటు ప్రోగ్రాము ఇంతకంటెను వివరముగాఁ బలుకును. ఏ సాకెట్టుద్వారమునఁ బ్రయత్నించి విఫలమైనదో దాని మార్గమును జెప్పి, చివరఁ గుండలీకరణములలో నొక సంఖ్య నిచ్చును. ఆ సంఖ్య 2 అయినచో నా ఫైలు లేదు. 13 అయినచో ఫైలున్నది గాని దానిని ముట్టుట కనుమతి లేదు. లినక్సులో 111 అయినచో వాఁకిలి చెంతఁ బలుకువారు లేరు. ఈ మూఁటికిని జికిత్సలు మూఁడు. సంఖ్యను జదువక చికిత్సకుఁ బూనుట ధాతువు నెఱుఁగక రూపసిద్ధి చేయుటవంటిది.

నాలుగు కారకములు

సంబంధము కొఱకు స్క్రిప్టు సర్వరునకు నాలుగు మాటలు చెప్పును. ఎచ్చట, ఎవఁడు, దేనితో, దేనిని అనునవి యా నాలుగు. సర్వరుండు చోటు అధికరణము. ప్రవేశింపఁగోరు వాడుకరి కర్త. రహస్యపదము కరణము. తెఱవఁదలఁచిన డేటాబేసు కర్మము. ఏ కారకమున దోషము కలదో దోషసంఖ్య చెప్పును.

2002, 2003 అనునవి యధికరణదోషములు. స్క్రిప్టు సర్వరును జేరనేలేదు. 1045 కర్తృకరణదోషము, స్క్రిప్టు సర్వరును జేరినది, కాని వాడుకరినో రహస్యపదమునో సర్వరు గుర్తింపలేదు. 1044 వచ్చినచో వాడుకరి తెలిసినవాఁడే గాని యా డేటాబేసుపై వాని కధికారము లేదు. 1049 కర్మదోషము, ఆ పేరుగల డేటాబేసు లేదు. పీహెచ్‌పీ నెట్‌వర్కు మార్గమునఁ దిరస్కృతమైనను 2002 అనియే చెప్పుట కలదు. కాఁబట్టి సంఖ్యను మాత్రమే గాక తరువాతి మాటలనుగూడఁ జదువవలయును.

ఈ విభాగమువలన నొక పెద్ద ప్రయోజనము కలదు. 1045 వచ్చినపుడు సాకెట్టును వెదకుట వ్యర్థము. 2002 వచ్చినపుడు రహస్యపదమును మార్చుట వ్యర్థము. మఱియు మైఎస్‌క్యూఎల్ కనెక్టు అను ప్రాఁతక్రియ నిర్వచింపఁబడలేదని పుటలో వచ్చినచో నది సంబంధభంగమే కాదు. 2015లో వెలువడిన పీహెచ్‌పీ 7 నుండి యా ప్రాఁతపద్ధతి తొలఁగింపఁబడినది. అచ్చట మార్పవలసినది స్క్రిప్టే.

స్వరూపగ్రహణము

ఇఁక ‘లోకల్‌హోస్టు’ మాట. ‘లోకల్‌హోస్టు’ అన్నను 127.0.0.1 అన్నను నర్థ మొక్కటే యని సామాన్యబుద్ధికిఁ దోఁచును. నెట్‌వర్కు వ్యవహారమున నది సత్యము. ఆ పేరునకుఁ బ్రతిగా నా చిరునామాయే గ్రహింపఁబడును. కాని యునిక్సు వంశపు వ్యవస్థలలో మైఎస్‌క్యూఎల్ క్లయింటు ఆ మాటను జూచినప్పుడు దాని యర్థమును విచారింపదు. అక్షరములనే చూచి, నెట్‌వర్కు మార్గమును వదలి, సాకెట్టుఫైలును వెదకును. 127.0.0.1 అని వ్రాసినచో నెట్‌వర్కు మార్గమునఁ బోవును. 2009లో మైఎస్‌క్యూఎల్ నుండి చీలిన మారియాడీబీయందును నిదే యాచారము.

పాణినీయము నెఱిఁగినవారి కిది వింత కాదు. ప్రథమాధ్యాయ ప్రథమపాదమునందలి 68వ సూత్రము ప్రకారము శాస్త్రమున నుచ్చరింపఁబడిన శబ్దము తన స్వరూపమునే గ్రహింపించును, పర్యాయములను గ్రహింపింపదు. అగ్నిశబ్దమునకు విహితమైన ఢక్ప్రత్యయము వహ్నిశబ్దమునకుఁ గాని, అనలశబ్దమునకుఁ గాని రాదు. మండు వస్తు వొక్కటే యైనను బ్రత్యయము వస్తువునకుఁ గాదు, శబ్దమునకు. అదే సూత్రము శాస్త్రసంజ్ఞలను మినహాయించినది; వృద్ధి యన్నచో నా మాట గాక, అది సంజ్ఞగాఁగల వర్ణములు గ్రహింపఁబడును. నెట్‌వర్కునకు ‘లోకల్‌హోస్టు’ సంజ్ఞ. మైఎస్‌క్యూఎల్ క్లయింటునకు స్వరూపము. ఒక్క మాటయం దీ రెండు వ్యవహారములు కలిసినచోటనే చిక్కు పుట్టినది.

విండోసుమీఁద నేల చెడలేదన్నచో, అచ్చట ‘లోకల్‌హోస్టు’ అన్నప్పుడు సాధారణముగా నెట్‌వర్కు మార్గమే వాడఁబడును. లినక్సునకు మాఱఁగానే యదే మాట సాకెట్టునకుఁ బోయినది. ఆ సాకెట్టు ఎచ్చట నుండవలెనో పీహెచ్‌పీ యొక చోటఁ దలఁచును. సర్వరు దానిని వేఱొకచోట సృష్టించి యుండును. పంపిణీసంస్థనుబట్టి యా చోటు మాఱుచుండును. వాఁకిలి తెఱచియే యున్నది. తట్టినది వేఱొక గోడ.

‘ఇచట’ యను పదముయొక్క స్వభావముగూడ నీ మాటయందుఁ గలదు. ‘ఇచట’ యనఁగా నేచోటో పలుకువానినిబట్టి నిర్ణయింపవలసినదే. 2013లో వెలువడిన డాకరు మున్నగు సాధనములతో స్క్రిప్టు నొక పెట్టెలోను సర్వరును మఱియొక పెట్టెలోను బెట్టుట నేఁడు వాడుకలో నున్నది. పెట్టెలోని స్క్రిప్టు ‘ఈ యంత్రమే’ యన్నచో నా పెట్టెయే యర్థమగును. అందు సర్వరు లేదు. అచ్చట 127.0.0.1 అని వ్రాసినను లాభము లేదు. సర్వరున్న పెట్టె పేరు చెప్పవలయును.

అన్వయవ్యతిరేకములు

దోషమును నిశ్చయించుటకు మార్గము, ఒక్కొక్కమాఱొక్కదానినే మార్చి చూచుట. ఏది యున్న దోషముండునో, ఏది తొలఁగినఁ దొలఁగునో యదియే కారణము. రెండింటిని గలిపి మార్చినవానికి దోషము పోయినను గారణము తెలియదు. మరల వచ్చినపుడు మరలఁ జీఁకటియే.

మొదట సర్వరు నడచుచున్నదా యని చూడవలయును. నడవకున్నచో దాని దినచర్యవంటి లాగుఫైలును జదువవలయును. డిస్కు నిండిపోవుట, 3306 పోర్టును వేఱొక ప్రోగ్రాము పట్టుకొని యుండుట మున్నగునవి యందుఁ గనఁబడును. రెండవది, స్క్రిప్టులోని వాడుకరిపేరుతోను రహస్యపదముతోను మైఎస్‌క్యూఎల్ క్లయింటుద్వారమునఁ బ్రవేశించి చూచుట. ప్రవేశము లభించినచో సర్వరు నిర్దోషము. లోపము పీహెచ్‌పీకి సర్వరునకు నడుమ నున్నది. అట్లు ప్రవేశించినపుడు ‘స్టేటస్’ అని యడిగినచో, తాను సాకెట్టుద్వారమున వచ్చినదో నెట్‌వర్కుద్వారమున వచ్చినదో, సాకెట్టు మార్గమేదో క్లయింటే చెప్పును.

మూఁడవది, స్క్రిప్టులో ‘లోకల్‌హోస్టు’ అను మాటను మాత్రము తీసి 127.0.0.1 అని వ్రాయుట. పుట కనఁబడినచో సాకెట్టు మార్గమందలి భేదమే కారణ మని చాలవఱకుఁ దేలినది. కనఁబడకున్నచో సర్వరు నెట్‌వర్కును మూసికొనియుండవచ్చును, లేదా వేఱు పోర్టున నుండవచ్చును. నాలుగవది, పీహెచ్‌పీ తలఁచు సాకెట్టు మార్గమును సర్వరు చెప్పిన మార్గముతోఁ బోల్చి సరిపఱచుట. పీహెచ్‌పీ తన యమరికలనెల్లఁ జూపు ‘పీహెచ్‌పీఇన్ఫో’ పుటలో నా మార్గము కనఁబడును. మైఎస్‌క్యూఎల్ఐ, పీడీఓ యను రెండు పద్ధతులకు నా యమరిక వేర్వేఱుగా నుండును. స్క్రిప్టు వాడు పద్ధతిదే సరిపఱుపవలయును. వెబ్‌సర్వరు చదువు నమరికఫైలు వేఱు, ఆజ్ఞాపంక్తినుండి పీహెచ్‌పీని బిలిచినపుడు చదువఁబడు నమరికఫైలు వేఱు అగుట కలదు. ఆజ్ఞాపంక్తినుండి నడచిన స్క్రిప్టు పుటలో నడవకుండుట కిదియొక హేతువు. సరిపఱచిన తరువాత వెబ్‌సర్వరును మరల లేపినఁగాని మార్పు ఫలింపదు.

ఉత్సర్గాపవాదములు

అధికరణము కుదిరినపిదప 1045 వచ్చుటయుఁ గలదు. ఆ వాక్యము చివర రహస్యపదము వాడఁబడినదా లేదా యను సూచన యుండును. లేదని యున్నచో స్క్రిప్టు రహస్యపదమును బంపనేలేదు. తఱచుగా నది యక్షరదోషము. అవునని యున్నచోఁ బంపినది గాని యంగీకరింపఁబడలేదు.

ఇచ్చటను శబ్దసూక్ష్మ మొకటి కలదు. మైఎస్‌క్యూఎల్‌నకు వాడుకరి యనఁగాఁ బేరుమాత్రమే కాదు. పేరును, వచ్చుచోటును గలిసిన జంట. ‘లోకల్‌హోస్టు’ నుండి వచ్చు లేఖకుఁడు వేఱు, ఎచ్చటినుండియైనను రాఁదగిన లేఖకుఁడు వేఱు. రెండును సరిపడు సందర్భమునఁ జోటును విశేషించి చెప్పినదే ముందు గ్రహింపఁబడును. సామాన్యమును విశేషము బాధించుననుట యుత్సర్గాపవాదన్యాయమే. ప్రాఁత ప్రతిష్ఠాపనలలోఁ బేరులేని వాడుకరి యొకఁడు ‘లోకల్‌హోస్టు’నకు నియతుఁడై యుండెడివాఁడు. ఎచ్చటినుండియైన రాఁదగిన లేఖకుఁడు అదే యంత్రమునుండి వచ్చినచో, సర్వరు వానిని బేరులేనివానిగా గ్రహించి, సరియైన రహస్యపదమునుగూడఁ ద్రోసిపుచ్చును. రహస్యపదము నెన్నిమాఱులు మార్చినను ఫలము లేదు. పేరులేని యా యపవాదమును దొలఁగింపవలయును.

ఇంటియంత్రములపైఁ బెట్టుకొను ఎక్సాంపు వంటి కట్టలలో ‘రూటు’ అను సర్వాధికారికి మొదట రహస్యపదమే యుండదు. ఉబుంటువంటి లినక్సులలో నా రూటును యంత్రపు రూటువాడుకరియే యగునా యని చూచి గుర్తించెడి యమరిక కలదు. అచ్చట వెబ్‌స్క్రిప్టునకు రూటుపేరుతోఁ బ్రవేశము దొరకదు. ఇది దోషము కాదు, రక్షణము. స్క్రిప్టుకొఱకుఁ బ్రత్యేకముగా నొక వాడుకరిని గల్పించి, పట్టికయున్న డేటాబేసుపై మాత్రమే వాని కధికారమిచ్చుట యుచితము.

గ్రంథరక్షణము

సంబంధము కుదిరినను గార్యము ముగియదు. ఒక్కొక్కప్పుడు పుట కనఁబడి, తెలుఁగక్షరములకు మాఱు ప్రశ్నార్థకచిహ్నముల వరుస కనఁబడును. స్క్రిప్టు సర్వరుతో మాటలాడు లిపిసంకేతము తెలుఁగునకుఁ దగినది కాకుండుట దీనికిఁ గారణము. మైఎస్‌క్యూఎల్ 8.0 (2018) వఱకు దాని సహజసంకేతము లాటిన్ లిపికిఁ జెందినది. యూటీఎఫ్8ఎంబీ4 అను సంకేతమును సంబంధసమయముననే కోరినచో నరసున్నతోఁ గూడఁ దెలుఁగువర్ణములన్నియు నిలుచును. చూపునప్పుడు మాత్రమే చెడిన యక్షరములు సంకేతము సరిపడఁగానే మరల వచ్చును. ప్రశ్నార్థకములై డేటాబేసులోఁ జేరిపోయినవి మరల రావు.

కావున దోషము కనఁబడిన క్షణమునఁ జేయఁగూడని పనులు మూఁడు. డేటాబేసు ఫైళ్లున్న డైరెక్టరీలో దేనిని దుడిచివేయఁగూడదు. అందలి ‘ఐబీడేటా1’ అను ఫైలొక్కటి పోయినను బట్టికలు పోవచ్చును. తొందరలో సర్వాధికారములను స్క్రిప్టున కీయఁగూడదు. నెట్‌వర్కు ద్వారమును లోకమున కంతకుఁ దెఱువఁగూడదు. ఒకే యంత్రములోని స్క్రిప్టునకు దానితోఁ బనిలేదు. మొదటఁ జేయవలసినది యొక్కటే. ప్రవేశము లభించిన వెంటనే ‘మైఎస్‌క్యూఎల్‌డంపు’తోఁ బట్టికకుఁ బ్రతి తీసి వేఱొక యంత్రమున దాఁచవలయును. సర్వరే లేవకున్నచో, దానిని నిలిపియుంచి డైరెక్టరీ నంతయు నకలు చేసి యుంచవలయును. తాళపత్రముల కాలమునఁ బూర్వులు చేసినదియు నిదియే. మూలము శిథిలము గాకమునుపే ప్రతి వ్రాసికొనిరి.

పైయుదాహరణములోని పాఠశాలపట్టికకు వచ్చిన యాపద యొక్క మాటతోఁ దీఱును. ‘లోకల్‌హోస్టు’ అనుచోట 127.0.0.1 అని వ్రాసినను, సాకెట్టు మార్గమును సరిపఱచినను బుట వచ్చును. కట్టల లెక్కలు, లేఖకుల పేర్లు నెప్పటివలెఁ గనఁబడును. వానికి నిజముగా నపాయము దోషమువలన రాలేదు. దోషమును జదువకుండఁ జేయఁబోయిన చికిత్సవలన రానుండెను. ఏకశిలానగరవాదమునఁ బేరొక్కటే సాక్ష్యము గాఁజాలనట్లే యిచ్చటను బేరునుబట్టి స్థలమును నిశ్చయింపరాదు. ఆ మాట నుచ్చరించిన దెవరు, దానిని గ్రహించున దెవరు, ఏ శాస్త్రమున గ్రహించుననునవి తెలిసినపిదపనే యర్థనిర్ణయము.